లీజ్వాంగ్‌లో ఒక రోజు: కొండమీద మొదలుపెట్టి రేవులో ముగించండి

ప్రశ్న ఇది. నవంబరులో చెంగ్డూ నుంచి చోంగ్‌చింగ్ వెళ్తూ దారిలో లీజ్వాంగ్ అనే పాత ఊరు చూడాలని ఉంది, యుద్ధకాలంలో చైనా పండితులు తలదాచుకున్న ఊరని చదివాం, ఒక్క రోజు చాలుతుందా, మాంసం ముట్టని అమ్మానాన్నలతో వెళ్లడం కుదురుతుందా అని.

చాలుతుంది, కుదురుతుంది. కాకపోతే ముందురోజు రాత్రి ఈబిన్ నగరంలో పడుకుని, పొద్దున్న 8 కల్లా బయలుదేరాలి. చెంగ్డూలో పొద్దున్న రైలెక్కి సాయంత్రానికి తిరిగి వచ్చేద్దాం అనుకుంటే రాళ్ల వీధి, ఎర్ర లాంతర్లు, పళ్లెంలో పంది మాంసం తప్ప ఇంకేమీ కనబడవు. లీజ్వాంగ్‌లో చూడాల్సినవాటిలో ముఖ్యమైన మూడూ ఊళ్లో లేవు, ఊరి బయట ఉన్నాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పాత వీధుల్లో రెండు గంటలు తిరిగి, "ఇలాంటి పాత ఊళ్లు సిచువాన్‌లో బోలెడు" అనుకుంటూ వెళ్లిపోతారు. వీధుల వరకే చూస్తే వాళ్ల మాట నిజమే.

ముందు ఊరి సంగతి కొంచెం తెలిస్తే తిరగడం తేలిక. మిన్ నది వచ్చి జిన్షా నదిలో కలిసే చోట ఈబిన్ ఉంది. మనం యాంగ్‌ట్సీ అనే నదికి చాంగ్‌జియాంగ్ అన్న పేరు అక్కడి నుంచే మొదలవుతుంది. అక్కడికి సుమారు 19 కిలోమీటర్ల దిగువన, దక్షిణపు ఒడ్డున లీజ్వాంగ్. అందుకే "యాంగ్‌ట్సీ మీద మొదటి పాత ఊరు" అన్న బోర్డులు అడుగడుగునా కనిపిస్తాయి. అది పర్యాటక శాఖ మాట. ఊరి గొప్పతనం వేరే ఉంది.

1937లో జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక షాంఘైలోని తోంగ్జీ విశ్వవిద్యాలయం మూటాముల్లే సర్దుకుని జజియాంగ్, జియాంగ్సీ, గ్వాంగ్సీ మీదుగా కున్‌మింగ్ చేరింది. 1940 సెప్టెంబరులో జపాన్ సేనలు ఫ్రెంచి ఇండోచైనా ఉత్తర భాగంలోకి దిగాయి. దాంతో పక్కనే ఉన్న యున్నాన్‌కి ముప్పొచ్చింది, కున్‌మింగ్ మీద బాంబులు పడుతూనే ఉన్నాయి. మళ్లీ మూట కట్టాల్సి వచ్చింది. ఎక్కడికి పోవాలా అని వెతుకుతుంటే లీజ్వాంగ్ పెద్దలు, వాళ్లలో లువో నాన్‌గాయ్ ముఖ్యుడు, ఒక తంతి పంపారు. మొత్తం 16 అక్షరాలు, నాలుగేసి చొప్పున నాలుగు ముక్కలు: తోంగ్జీ సిచువాన్ వస్తోంది, లీజ్వాంగ్ స్వాగతిస్తోంది, కావలసినవన్నీ, ఊరే సమకూరుస్తుంది. అప్పటికి ఊరి జనం 3,000 చిల్లర. వచ్చిపడినవాళ్లు 10,000 పైమాట. తోంగ్జీ వెనకే చైనా జాతీయ పరిశోధనా అకాడమీకి చెందిన చరిత్ర–భాషాశాస్త్ర సంస్థ, సాంఘికశాస్త్ర సంస్థ, కేంద్ర మ్యూజియం సన్నాహక కార్యాలయం, చైనా వాస్తు పరిశోధన సంఘం వచ్చాయి. 1946 దాకా అక్కడే ఉన్నాయి.

ఇంతమందిని ఎక్కడ పెట్టారు? గుళ్లలో, వంశ మందిరాల్లో, పరాయి ప్రాంతాల వర్తకులు కట్టుకున్న సంఘ భవనాల్లో. లీజ్వాంగ్‌ని చూడాల్సిన తీరు ఇదే. ప్రతి గుడి ముందూ నిలబడి "ఇందులో ఎవరున్నారు" అని అడగాలి. యూవాంగ్ గోంగ్ తోంగ్జీ ప్రధాన కార్యాలయం. దోంగ్‌యుయె గుడి ఇంజినీరింగు కళాశాల. నాన్‌హువా గోంగ్ సైన్సు కళాశాల. జూషీ ద్యాన్ వైద్య కళాశాల. జాంగ్ వంశ మందిరం కేంద్ర మ్యూజియం వాళ్లది. ఈ ఐదు పేర్లూ చైనా లిపిలో ఫోన్‌లో దాచుకోండి. బోర్డులన్నీ చైనీస్‌లోనే ఉంటాయి, దారి అడిగితే సిచువాన్ యాసలో జవాబొస్తుంది.

ఇక రోజు ఎలా నడపాలి. ఈబిన్‌లో కారు మాట్లాడుకునేటప్పుడే మధ్యాహ్నం దాకా మాట్లాడుకోండి. ఊరి బయటి ఆ మూడింటిలో ముందు కొండమీది బాన్లీఆవ్, తర్వాత యుయెలియాంగ్‌తియెన్, ఆ తర్వాత శ్వాన్‌లువో మండపం, చివర ఊళ్లో దిగి కారు వదిలేయాలి. ఎక్కువమంది చేసే పొరపాటు దీన్ని తిరగేయడం. ఊళ్లో మొదలుపెడితే భోజనం అయ్యేసరికి రెండవుతుంది, తల్లిదండ్రులు అలిసిపోతారు, కొండ ఎక్కే ఓపిక ఎవరికీ ఉండదు. పైగా బాన్లీఆవ్ పల్లెటూరు. అక్కడికి యాప్‌లో కారు పిలిచి వెళ్లడం సులువే, తిరిగి రావడానికి పిలిస్తే కారు దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. డ్రైవరుని నిలిపి ఉంచుకునే ఖర్చు వెనకాడాల్సినంత కాదు.

బాన్లీఆవ్ అంటే చెస్ట్‌నట్ చెట్ల పల్లం. ఊరికి పడమరగా, నది ఎగువన కొండమీద జాంగ్ వంశం వాళ్ల పాత మండువా లోగిళ్లు కొన్ని చెదురుమదురుగా ఉంటాయి. ఒకప్పుడు నది ఒడ్డు నుంచి 500కి పైగా రాతి మెట్లెక్కి పోవాలి. ఇప్పుడు పైదాకా కారు పోతుంది, కనుక పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. ఫూ సినియన్ నడిపిన చరిత్ర–భాషాశాస్త్ర సంస్థ ఆరేళ్లు ఉన్నది ఇక్కడే. 'పొలం అంచు' అని పిలిచే లోగిలిలో వాళ్ల గ్రంథాలయం ఉండేది. మిగతా విశ్వవిద్యాలయాల పుస్తకాలు చాలావరకు యుద్ధంలో చెల్లాచెదురై పోవడంతో, పుస్తకం కావలసిన ప్రతి పరిశోధకుడూ ఈ కొండ ఎక్కాల్సి వచ్చేది. ఆ పుస్తకాలు రావడమూ తేలిగ్గా జరగలేదు. ఈబిన్ దగ్గర పడవ తిరగబడి అరుదైన గ్రంథాల పెట్టెలు నీళ్లలో పడ్డాయి. ఒక్కొక్క పేజీ విడదీసి ఎండబెట్టడానికి నెలలు పట్టింది.

అన్యాంగ్‌లో తవ్వి తీసిన, మూడు వేల ఏళ్ల పైబడిన షాంగ్ కాలపు జోస్యపు ఎముకల మీద దోంగ్ జువోబిన్ పని చేసింది ఇక్కడే. వాటి మీది గీతల నుంచి ఆ కాలపు పంచాంగాన్ని తిరిగి లెక్కగట్టి, 1945లో లీజ్వాంగ్‌లోనే రాతి అచ్చు మీద ముద్రించారు. మన దగ్గర శాసనాలు చదివి తిథులు, గ్రహణాలు సరిచూసే పని ఎరిగినవాళ్లకు ఆ శ్రమ ఏమిటో చెప్పక్కర్లేదు. 1943లో వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త జోసెఫ్ నీధామ్‌కి వాంగ్ లింగ్ అనే యువకుడు పరిచయమైంది కూడా ఈ సంస్థలోనే. నీధామ్ తర్వాత రాసిన చైనా విజ్ఞాన చరిత్ర తొలి సంపుటాల వెనక వాంగ్ లింగ్ చేయి ఉంది.

బాన్లీఆవ్‌లో అద్దాల పెట్టెలు, మెరిసే మ్యూజియం ఆశించకండి. లోగిళ్లు, ఫలకాలు, పొలాలు, అంతే. సంస్థ వెళ్లిపోతూ 1946లో ఊరికి కృతజ్ఞతగా ఒక శిలాఫలకం నిలిపింది. పాఠం చెన్ పాన్‌ది, చేతిరాత లావో గాన్‌ది, శీర్షిక దోంగ్ జువోబిన్‌ది. మొదటి రాయి పోయింది, ఇప్పుడు చూసేది తిరిగి చెక్కింది. గంట కేటాయిస్తే సరిపోతుంది. చరిత్ర మీద ఆసక్తి లేనివాళ్లకు అరగంటే ఎక్కువ అనిపిస్తుంది, అది ముందే చెప్పుకోవాలి.

కొండ దిగి ఊరి వైపు వస్తుంటే యుయెలియాంగ్‌తియెన్. పేరుకి అర్థం చందమామ మడి. రోజు మొత్తంలో ఒక్క చోటే చూడాలంటే ఇదే చూడమంటాను. చైనా వాస్తుచరిత్రకు పునాది వేసిన లియాంగ్ సిచెంగ్, లిన్ హుయియిన్ దంపతులు, వాళ్ల వాస్తు పరిశోధన సంఘం ఉన్న రైతు ఇల్లు ఇది. ఎత్తు తక్కువ కప్పు, వెదురు తడికెలకు మట్టి మెత్తిన గోడలు. కరెంటు లేదు, కుళాయి లేదు. లిన్ క్షయతో మంచం పట్టింది. మందులిచ్చే డాక్టరు అందుబాటులో లేక ఇంజెక్షన్లు చేయడం లియాంగే నేర్చుకున్నాడు. ఆయనకు వెన్నెముక జబ్బు, తల బరువు మోయలేక గీస్తున్నప్పుడు గడ్డం కింద ఒక కూజా పెట్టుకునేవాడు. ఇల్లు గడవక పెన్నూ వాచీ ఒక్కొక్కటే అమ్ముకున్నారు.

గీత గీయడం మీద అంత పట్టుదల ఎందుకంటే దానికో కారణం ఉంది. యుద్ధానికి ముందు ఉత్తర చైనా అంతా తిరిగి తీసిన ఫోటో నెగెటివ్‌లు భద్రంగా ఉంటాయని త్యాన్‌జిన్‌లో ఒక బ్యాంకు నేలమాళిగలో పెట్టారు. 1939 వరదలో అవి తడిసి పాడయ్యాయి. చేతిలో మిగిలింది కొలతల పుస్తకాలు, వెంట తెచ్చుకున్న ఫోటోలే. వాటితోనే లియాంగ్ తన చైనా వాస్తుచరిత్రను 1944లో ఇక్కడ పూర్తి చేశాడు. ఇంగ్లీషులో బొమ్మలతో రాసిన మరో చరిత్ర కూడా ఈ ఇంట్లో తయారైందే, అది అచ్చు చూసింది మాత్రం 1984లో, ఆయన పోయిన పన్నెండేళ్లకు.

పెరట్లో అప్పట్లో ఒక లొంగన్ చెట్టు ఉండేది. దానికి వెదురు బొంగు కట్టి, లియాంగ్ తన దగ్గర పనిచేసే కుర్రవాళ్లచేత రోజూ ఎక్కించేవాడు, తనూ ఎక్కేవాడు. గుడి కప్పులెక్కి దూలాలు కొలవడం వాళ్ల వృత్తి కదా, యుద్ధం అయ్యేలోపు ఆ అలవాటు తప్పిపోకూడదని. ఇంటి లోపల చూడాల్సింది బల్లలు. సంఘం పత్రిక ఏడో సంపుటం 1944, 45ల్లో రెండు సంచికలుగా వచ్చింది. అచ్చు యంత్రం లేదు. ప్రత్యేకమైన కాగితం మీద ప్రత్యేకమైన సిరాతో అక్షరాలూ బొమ్మలూ చేత్తో రాసి, రాతి మీదకు దించి, ఒక్కో కాగితం ఒత్తి తీశారు. మడతపెట్టడం, కుట్టడం ఇంటిల్లిపాదీ కూర్చుని చేసుకున్నారు. వూతాయ్ కొండల్లోని ఫోగ్వాంగ్ గుడిని, అంటే 857లో కట్టిన టాంగ్ కాలపు కొయ్య మండపాన్ని వివరించిన వ్యాసం వచ్చింది ఈ చేతిరాత పత్రికలోనే. నకళ్లు కనబడితే బొమ్మల అంచుల దగ్గర ఆగి చూడండి. దూలం చివర కొలత అంకెలు కూడా చేత్తో రాసినవే.

చుట్టూ ఇప్పుడు కొత్తగా పచ్చికలు, నడకబాటలు, పార్కు హంగులు వేశారు. ఇల్లు వాటి మధ్య చిన్నబోయినట్టుంది. ఆ హంగుల్లో కాలక్షేపం చేయకుండా నేరుగా ఇంటికే వెళ్లండి.

తర్వాత శ్వాన్‌లువో మండపం. ఊరికి దక్షిణంగా రెండున్నర కిలోమీటర్లు, షీనియూ కొండ మీద. 1596లో, మింగ్ వంశం కాలంలో కట్టిన ఎనిమిది మూలల కొయ్య కట్టడం. ఎత్తు సుమారు 25 మీటర్లు. బయట నుంచి మూడు చూరులు కనిపిస్తాయి, లోపల మాత్రం రెండే అంతస్తులు. చూడాల్సింది కప్పు. సరిగ్గా నడిమధ్య నిలబడి తలెత్తితే చిన్నచిన్న కొయ్య మోపులు ఒక్కో వరస కొంచెం కొంచెం పక్కకు జరుగుతూ సుడి తిరిగి పైకి పోతాయి. నత్తగుల్ల లోపలి నుంచి కొసకేసి చూసినట్టుంటుంది. పేరుకి అర్థమూ అదే. నాలుగు వరసల దాకా కన్ను లెక్కపెడుతుంది, తర్వాత పట్టు తప్పుతుంది. లోపల చీకటి, చిన్న టార్చి ఉంచుకోండి. వాస్తు సంఘంలోని లూ షెంగ్ దీన్ని కొలిచి రాసిన వ్యాసం చందమామ మడి ఇంట్లో చేత్తో ముద్రించిన ఆ పత్రికలోనే వచ్చింది. అందుకే ఆ ఇల్లు చూశాక ఇక్కడికి రమ్మనడం. 2006 నుంచి ఇది జాతీయ రక్షిత కట్టడం.

లియాంగ్ లీజ్వాంగ్‌లో మెచ్చినవి నాలుగని చెబుతారు. అందులో ఇది ఒకటి. మిగతా మూడూ ఊళ్లో, మధ్యాహ్నం తర్వాత చూసుకోవచ్చు. జాంగ్ వంశ మందిరంలో నాన్‌ము కొయ్యతో చేసిన 50 కిటికీ తలుపులు, ఒక్కోదాని మీద రెండేసి కొంగలు, మొత్తం నూరు. ఒక జంట ఉన్నట్టు ఇంకో జంట ఉండదు అంటారు. వరసగా పది చూసేసరికి అన్నీ ఒకేలా అనిపిస్తాయి, కనుక ఒక్క కిటికీ ఎంచుకుని మబ్బుల మధ్య మెడ ఎలా తిప్పిందో చూడండి. 1831లో హునాన్, హుబేయ్ వర్తకులు కట్టుకున్న యూవాంగ్ గోంగ్‌లో, ఇప్పటి పేరు హుయ్‌గ్వాంగ్ గుడి, తొమ్మిది డ్రాగన్‌ల రాతి పలక ఉంది. నాలుగోది నది ఒడ్డునున్న క్వెయ్‌షింగ్ మేడ. ఇది మాత్రం పాతది కూలిపోయాక మళ్లీ కట్టింది, అక్కడ ఎక్కువసేపు అక్కర్లేదు.

జూషీ ద్యాన్ దగ్గర కాస్త ఆగండి. వైద్య విద్యార్థులు శవాన్ని కోయడం ఎవరో చూశారు, బాన్లీఆవ్ సంస్థ పెట్టెల్లోంచి మనుషుల పుర్రెలు బయటపడ్డాయి. "దిగువ నుంచి వచ్చినవాళ్లు మనుషుల్ని తింటున్నారు" అని ఊరంతా గుప్పుమంది. కోప్పడటం మాని పండితులు ఆ ఎముకలన్నీ బయటపెట్టి ఊరివాళ్లకు ప్రదర్శన పెట్టారు, ఒక్కొక్కటీ ఎందుకో విడమరిచి చెప్పారు. అదే వైద్య కళాశాల ఇంకో మేలు చేసింది. దక్షిణ సిచువాన్‌లో భోజనం చేసిన కాసేపటికి కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి పక్షవాతంలా పడిపోయి, ఒక్కోసారి చనిపోయే జబ్బు ఉండేది. కారణం ఆ ప్రాంతపు ఉప్పులో కలిసిన బేరియం అని తేల్చారు. పుకార్లు ఆగిపోవడానికి ప్రదర్శన కంటే ఇదే ఎక్కువ పనిచేసి ఉంటుంది.

షీజీ సందు అంటే చాపల సందు. రెండు వైపులా చూరులు దాదాపు ఆనుకుంటాయి, మధ్యలో ఆకాశం గీతలా కనిపిస్తుంది. అందరి ఫోటోల్లోనూ ఉండేది ఇదే. యాంగ్ వీధి 8వ నంబరు ఇల్లు తంతి పంపిన లువో నాన్‌గాయ్‌ది. లియాంగ్ తమ్ముడు, పురాతత్వవేత్త లియాంగ్ సియోంగ్ జబ్బుపడి కొన్నాళ్లు ఉన్నది అక్కడే. ఊళ్లోకి అడుగుపెట్టడానికి టికెట్ లేదు. సాయంత్రం 5 లోపు మందిరాల పని ముగించుకుని, చివరి గంట రేవులో కూర్చోండి. సోమవారం మాత్రం పెట్టుకోకండి, చైనాలో మ్యూజియంలు ఎక్కువగా మూసి ఉండే రోజది.

తిండి విషయానికొస్తే, ఈ ఊరికి పేరు తెచ్చింది తెల్లమాంసం. పంది తొడ మాంసం ఉడికించి, జానెడు పొడవున కాగితంలా పలచగా కోసి, పుల్లలకు చుట్టి వెల్లుల్లి–మిరప ముద్దలో అద్దుకు తింటారు. తినేవాళ్లు వీధి మొగలో పిలిచే దుకాణం కంటే కోసే బల్ల కళ్లెదుట కనిపించే దుకాణం ఎంచుకోవాలి. ముందే కోసి పెట్టింది అంచులు ఎండి గట్టిపడుతుంది. "నదిలో పట్టిన చేప" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. యాంగ్‌ట్సీలో 2021 జనవరి నుంచి పదేళ్లపాటు చేపలవేట నిషేధం. వడ్డించేది చెరువు చేపే, లేదా చట్టవిరుద్ధమైనది.

మాంసం తినని పెద్దవాళ్లకు ఇక్కడ బతుకు కష్టమేమీ కాదు, కానీ "వో చీ సూ", అంటే నేను శాకాహారిని అన్న ఒక్క ముక్కతో సరిపోదు. కూర శాకాహారమే అయినా వేయించింది పంది కొవ్వులో కావచ్చు, రుచికి కోడి పొడి చల్లుతారు. కనుక "బూ యావ్ జూ యౌ" అంటే పంది కొవ్వు వద్దు, "బూ యావ్ జీ జింగ్" అంటే కోడి పొడి వద్దు అని కూడా చెప్పాలి. పలికితే అర్థం కాదు, చైనా లిపిలో రాయించి ఫోన్‌లో చూపించండి. మాపో తోఫు చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, అసలు పద్ధతిలో అందులో వేసేది గొడ్డు మాంసం తురుము. భయం లేకుండా అడగదగినవి: 'చింగ్ చావ్' అని నూనెలో వేయించిన ఆకుకూర, 'దౌ హువా' అని మెత్తటి తోఫు, పక్కన అన్నం, కారం. ఈబిన్ పేరుపడ్డ రాన్‌మియెన్ అంటే నీరు లేకుండా నూనె, మిరప, వేరుశనగ, ఊరేసిన ఆవకూర కాడలతో కలిపిన నూడుల్స్. పైన వేసే మాంసం తురుము, కింద కలిపే కొవ్వు రెండూ వద్దనాలి. హువాంగ్‌బా మాత్రం తప్పక కొనండి. జిగురు బియ్యం, నల్లబెల్లం కలిపి ఆకులో చుట్టి గంటల తరబడి ఆవిరి పడతారు. గట్టిగా అణిచిన చక్రపొంగలి ముక్కలా ఉంటుంది, వేడిగా తింటేనే బాగుంటుంది.

ఇంటి నుంచి కందిపొడి, కారప్పొడులు పట్టుకెళ్లొచ్చు గానీ నెయ్యి, వెన్న, పళ్లు పెట్టెలో పెట్టకండి. పాల పదార్థాలు, తాజా పళ్లు చైనా కస్టమ్స్ నిషేధ జాబితాలో ఉన్నాయి.

రైళ్లు చాలా మెరుగయ్యాయి. 2023 డిసెంబరులో చెంగ్డూ–జిగోంగ్–ఈబిన్ హైస్పీడ్ మార్గం మొదలైంది. చెంగ్డూ తూర్పు స్టేషన్ నుంచి ఈబిన్‌కి గంట అటూఇటూ. ఈ మార్గం త్యాన్‌ఫూ విమానాశ్రయం కిందుగా పోతుంది, అక్కడ స్టేషన్ ఉంది. అంటే విదేశీ విమానం దిగినవాళ్లు నగరంలోకి పోకుండానే ఈబిన్ రైలెక్కొచ్చు. 2024 సెప్టెంబరు నుంచి చోంగ్‌చింగ్ పశ్చిమ స్టేషన్‌కి కూడా ఈబిన్ నుంచి హైస్పీడ్ ఉంది, కాబట్టి మీ దారిలో ఈ ఊరు చుట్టుతిప్పు కాదు. ఒక్కటే జాగ్రత్త. 'ఈబిన్', 'ఈబిన్ పశ్చిమ' వేరువేరు స్టేషన్లు. లెషాన్ వైపు నుంచి వచ్చే పాత హైస్పీడ్ మార్గం పశ్చిమ స్టేషన్‌కి పోతుంది. దిగేది ఒకటి, మర్నాడు ఎక్కేది ఇంకొకటి అయ్యే వీలుంది, టికెట్ మీద చూసుకుని హోటల్ తీసుకోండి.

టికెట్లు సుమారు 15 రోజుల ముందు అమ్మకానికొస్తాయి. కాగితం టికెట్ అక్కర్లేదు, పాస్‌పోర్టే టికెట్. మనవాళ్లకు చిక్కొచ్చేది పేరు దగ్గర. ఇంటిపేరు ముందో వెనకో, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ, కొందరికి నాలుగు ముక్కల పేరు. పాస్‌పోర్టు అడుగున ఉండే యంత్రం చదివే వరసలో ఎలా ఉందో అలాగే నింపండి. తేడా వస్తే గేటు దగ్గర ఆపేస్తారు. సామాను తనిఖీ ఉంటుంది, ప్లాట్‌ఫారం గేటు రైలు కదలడానికి కొన్ని నిమిషాల ముందే మూసేస్తారు. పెద్దవాళ్లతో అయితే 45 నిమిషాల ముందు స్టేషన్‌లో ఉండాలి. చైనాలో దేశీయ విమానం ఎక్కేటట్టయితే, 2025 జూన్ చివరి నుంచి '3సీ' అనే చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు లేని పవర్‌బ్యాంకులు తీసుకెళ్లనివ్వడం లేదు. మన దేశంలో కొన్నవాటి మీద ఆ గుర్తు చాలావరకు ఉండదు.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు వీసా తప్పనిసరి. 240 గంటల వీసారహిత మజిలీ సదుపాయంలో భారత్ లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకు ఉంది, ఈబిన్ కూడా ఆ సదుపాయం వర్తించే సిచువాన్ నగరాల్లో ఒకటి. షరతు ఏమిటంటే మూడో దేశానికో, హాంకాంగ్ లాంటి ప్రాంతానికో ఖాయమైన టికెట్ ఉండాలి. అమెరికా నుంచి వచ్చి అమెరికాకే తిరిగి పోతానంటే చెల్లదు. గ్రీన్‌కార్డు మీద భారత పాస్‌పోర్టుతో ఉన్నవాళ్లకు వర్తించదు. ఒకే ఇంట్లో పిల్లలకు అవసరం లేక అమ్మానాన్నలకు వీసా కావలసి రావడం మామూలే, టికెట్లు కొనే ముందు అందరి పాస్‌పోర్టులూ చూసుకోండి.

డబ్బుకి అలీపే లేదా వీచాట్ పే, వీసా లేక మాస్టర్ కార్డుతో. ఇంట్లోనే యాప్ దించి, పాస్‌పోర్టుతో ధ్రువీకరణ పూర్తి చేసుకుని బయలుదేరండి. రూపే కార్డు మీద ఆధారపడొద్దు. విదేశీ కార్డుతో 200 యువాన్ల లోపు చెల్లింపుకి అదనపు రుసుం లేదు, దాటితే మొత్తం మీద 3 శాతం. చిన్న నోట్లు కొన్ని దగ్గరుంచుకోండి. గూగుల్ పనిచేయదు. మన దేశపు రోమింగ్ గానీ విదేశీ ఈసిమ్ గానీ ఉంటే మాత్రం పనిచేస్తుంది, అప్పుడు కూడా గూగుల్ పటాలను నమ్మి కారెక్కొద్దు. గావ్‌దా అనే చైనా పటాల యాప్ వాడండి. కారు పిలవడానికి అలీపే లోపలే దీదీ ఉంది, ఇంగ్లీషులో కనిపిస్తుంది.

రాత్రి బస లీజ్వాంగ్‌లో కాకుండా ఈబిన్‌లోనే అన్నది ఇందుకే. పాత వీధుల్లో చిన్న బసలు ముచ్చటగా ఉంటాయి గానీ విదేశీయుల నమోదు ఎలా చేయాలో తెలియని యజమానులుంటారు. 24 గంటల్లో పోలీసు నమోదు జరగాలన్నది నియమం, పెద్ద హోటల్లో అది కౌంటరు దగ్గరే అయిపోతుంది.

నవంబరు మంచి ఎంపిక. మార్చి, ఏప్రిల్ కూడా బాగుంటాయి. జులై, ఆగస్టుల్లో ఉక్క, వాన, నది పొంగు. జనవరిలో మంచు పడదు గానీ రోజంతా పొగమంచు, తేమ చలి, మందిరాల్లో వెచ్చదనం ఉండదు. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు, ఆ వారం చాపల సందులో నడవడానికి కూడా వరస కట్టాలి. రాళ్ల వీధులు తడిస్తే జారతాయి, అమ్మగారికి చెప్పుల కంటే పట్టున్న బూట్లు మేలు. మండువా లోగిళ్ల గడపలు మోకాలెత్తు దాకా ఉంటాయి. గడప మీద కాలు మోపకుండా దాటడం వాళ్ల పద్ధతి కూడా, మన పెద్దవాళ్లకు అది వేరే చెప్పాల్సిన పని లేదు.